మోకాలి అరుగుదల: కొల్లేటి సీమలో కీళ్ల జబ్బు

కీళ్ల అరుగుదల దీర్ఘకాలం సాగే కీళ్ల వ్యాధి. ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి పలచబడి చిట్లుతుంది. దాని అడుగున ఉన్న ఎముక గట్టిపడి అంచుల్లో ముళ్లలా పెరుగుతుంది. కీలు లోపొర అప్పుడప్పుడూ వాస్తుంది. చుట్టూ ఉన్న కండ సన్నబడుతుంది. వైద్యులు దీన్ని ఆస్టియోఆర్థరైటిస్ అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు వైపు జనం నోట ఇది "గుజ్జు అరిగిపోవడం". పాతతరం వాళ్లు "కీళ్లవాతం" అనేవారు. మోకాలు, తుంటి, చేతివేళ్లు, బొటనవేలి మొదలు, వెన్ను, మెడ దీనికి ఎక్కువగా లోనయ్యే చోట్లు. పాశ్చాత్య దేశాల్లో తుంటి బాధ కూడా ఎక్కువే కానీ మన దగ్గర ముందు కుంటుపడేది మోకాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 52.8 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. అందులో 36.5 కోట్ల మందికి మోకాళ్లలోనే. వ్యాధి ఉన్నవారిలో 60 శాతం స్త్రీలు, 73 శాతం 55 ఏళ్లు దాటినవారు. భారతదేశంలో 1990లో సుమారు 2.35 కోట్లున్న రోగుల సంఖ్య 2019 నాటికి 6.2 కోట్లు దాటిందని అంచనా. ఆగ్రా, బెంగళూరు, కోల్‌కతా, డెహ్రాడూన్, పుణె ప్రాంతాల్లో నడివయసు దాటినవారిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 28.7 శాతం మందికి మోకాలి అరుగుదల కనిపించింది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో బతికే జనం ఆ అధ్యయనంలో లేరు. అయినా ఏలూరులో ఏ ఎముకల డాక్టరు గది ముందు బల్లల మీద చూసినా, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మోకాలు రుద్దుకునే అమ్మలే ఎక్కువ కనిపిస్తారు.

ఇరుసు కాదు, కీలు

"అరుగుదల" అన్న మాటలో ఒక చిక్కుంది. వినగానే ఎడ్లబండి ఇరుసు గుర్తొస్తుంది. తిరిగినకొద్దీ ఇరుసు అరుగుతుంది, కందెన వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, చివరికి మార్చాల్సిందే. మోకాలు కూడా అంతేననుకున్న మనిషి చేసే మొదటి పని నడక మానేయడం. డాక్టరు "గుజ్జు అయిపోయిందమ్మా" అన్న రోజు నుంచి మంచం దిగని అమ్మలు పల్లెల్లో ఎందరో. ఈ జబ్బులో జరిగే హానిలో కొంత భాగం జబ్బుది, కొంత ఈ మాటది.

కీలు యంత్రభాగం కాదు. మోకాలిలో తొడ ఎముక కింది చివర, ముంగాలి ఎముక పైభాగం, చిప్ప వెనకవైపు మృదులాస్థి పరుచుకుని ఉంటుంది. చాలా చోట్ల దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. బరువులో 65 నుంచి 80 శాతం నీరే. మిగతాది కొల్లాజెన్ అనే పీచు అల్లిక, ఆ అల్లికలో నీటిని పట్టి ఉంచే ప్రొటియోగ్లైకాన్లు, అక్కడక్కడా కొన్ని కణాలు. రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మరి ఆ కణాలకు తిండి ఎలా? అడుగు పడినప్పుడు మృదులాస్థి నొక్కుకుని నీరు బయటికి వస్తుంది. అడుగు లేచినప్పుడు కీలు ద్రవాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. ఆ రాకపోకలతోనే పోషణ లోపలికి వెళుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని కొల్లేరు నింపుకుని ఉప్పుటేరు దారిన సముద్రానికి వదిలినట్టే ఇదీ. రాకపోకలు ఆగితే సరస్సుకి పట్టే గతే కీలుకీ పడుతుంది.

మృదులాస్థిలో నరాలు లేవు కాబట్టి నొప్పి దాని నుంచి రాదు. నొప్పి కింది ఎముక నుంచి, వాచిన లోపొర నుంచి, సాగిన స్నాయువుల నుంచి, అలసిన కండ నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో ఎముకలు ఒకదాన్నొకటి తాకుతున్నట్టు కనబడినవాళ్లు హాయిగా నడవడం, ఎక్స్‌రే బాగానే ఉన్నవాళ్లు మెట్టు దిగలేకపోవడం ఇందుకే. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు 1957లో ఎక్స్‌రేను చూసి 0 నుంచి 4 వరకు గ్రేడు ఇచ్చే పద్ధతి ఏర్పరిచారు. నేటికీ అదే వాడుక. "నాలుగో గ్రేడు" అని కాగితం మీద రాసిచ్చాక రోగి గుండె జారుతుంది కానీ ఆ అంకె నొప్పిని కొలిచేది కాదు.

ఒక మెలిక కూడా ఉంది. కొల్లాజెన్ అల్లిక మాత్రం నిజంగానే ఒక్కసారి నేసిన బట్ట లాంటిది. 1950, 60 దశకాల్లో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా డెన్మార్క్ పరిశోధకులు 2016లో మృదులాస్థి వయసు లెక్కగట్టారు. ఎదిగే వయసు దాటాక ఆ అల్లిక దాదాపుగా మారదని తేలింది. మందుల షాపుల్లో డబ్బాల్లో అమ్మే కొల్లాజెన్ పొడి తాగితే మోకాలిలో కొత్త గుజ్జు పడుతుందనేవాళ్లకి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

నడిస్తే అరిగేదే అయితే పరుగెత్తేవాళ్ల మోకాళ్లు ముందుగా పోవాలి. 2017లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఆరోగ్యం కోసం సరదాగా పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి అరుగుదల 3.5 శాతం మందిలోనే ఉంది. పరుగు జోలికే పోనివాళ్లలో 10.2 శాతం. పోటీ పరుగుల వాళ్లలో మాత్రం 13.3 శాతం. అదే ఏడాది హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో రెండు వేలకు పైగా అస్థిపంజరాలను పరిశీలించి, ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి మోకాలి అరుగుదల రెట్టింపు దాటిందని చూపారు. వయసునూ లావునూ లెక్కలోంచి తీసేసినా ఆ తేడా మిగిలింది. ఆ మునుపటి తరాలవాళ్లు నేటివాళ్ల కంటే ఎక్కువే నడిచి ఉంటారు. అంటే నడక ఒక్కటే దోషి కాదు.

కొల్లేటి పనులు, మోకాలి బరువు

అలాగని పనితో సంబంధమే లేదనలేం. మోకాలు పూర్తిగా మడిచి చేసే పనులు, బరువులు ఎత్తే పనులు ఏళ్ల తరబడి చేసేవాళ్లలో మోకాలి అరుగుదల ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. చైనాలో బీజింగ్ వృద్ధుల మీద జరిగిన అధ్యయనం, యౌవనంలో రోజూ గంటల కొద్దీ గొంతుకూర్చున్నవారికి ముసలితనంలో మోకాలి బాధ ఎక్కువని తేల్చింది. ఈ సీమలో ఆ భంగిమ లేని వృత్తి వెతకాలి. సార్వా దాళ్వాలకు వంగి ఊడ్చేవాళ్లు, కలుపు తీసేవాళ్లు ఉన్నారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో గొంతుకూర్చుని పాయలు ఏరే ఆడవాళ్లూ, బస్తాలు మోసే హమాలీలూ ఉన్నారు. ఏలూరు తివాచీల మగ్గాల ముందు పొద్దంతా కూర్చుని ముడులు వేసేవాళ్లకి మోకాలితో పాటు వేళ్ల కీళ్లూ నడుమూ పట్టేస్తాయి. పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో పొడవాటి గెడకు కట్టిన కత్తితో గెలలు కోసేవాళ్లకి బాధ మెడకీ భుజాలకీ.

కొల్లేటి లంకల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులో, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యం హద్దు (అయిదో కాంటూరు) లోపల తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత పని చాలామందికి సొంత వేట నుంచి చెరువు కూలీకి మారింది. అయినా మోకాలికి శ్రమ తగ్గలేదు. చేపల పట్టుబడి రోజున నడుంలోతు నీటిలో వరసగా నిలబడి వల లాగాలి. నడుం వరకు నీరుంటే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమవుతుంది. ఫిజియోథెరపీలో నీటి నడక చేయించేది ఆ లాభం కోసమే. కానీ చెరువులో ఆ లాభాన్ని నిండిన వలా, పాదాన్ని పట్టి లాగే బురదా కలిసి మింగేస్తాయి. ఆ పైన గట్టెక్కి చేపల ట్రేలు లారీలకు మోయాలి. చిన్న దోనెలో గొంతుకూర్చుని తెడ్డు వేసేవాడి మోకాలు పొద్దంతా మడిచిన కత్తిలాగే ఉంటుంది.

జర్మనీలో కృత్రిమ మోకాలి లోపల కొలత పరికరాలు అమర్చి, 2010లో అసలు లెక్క చూశారు. చదునైన నేల మీద నడిస్తే మోకాలి మీద పడేది శరీర బరువుకు సుమారు 2.6 రెట్లు. మెట్లెక్కితే 3.2 రెట్లు, దిగితే 3.5 రెట్లు. ఎక్కడం కంటే దిగడమే కష్టమని ద్వారకా తిరుమల మెట్ల మీద మోకాలు పట్టుకున్నవాళ్లెవరైనా చెబుతారు. మోకాలి అరుగుదల తొలి సంకేతం చాలామందిలో మెట్లు దిగేటప్పుడే తెలుస్తుంది.

మిగతా కారణాల్లో వయసు, ముట్లు ఆగిపోవడం, పాత దెబ్బలు ముఖ్యం. కబడ్డీలోనో మోటారు సైకిలు మీంచి పడో మోకాలి లోపలి స్నాయువు తెగినవాళ్లకి పదిపదిహేనేళ్లు ముందే అరుగుదల మొదలవుతుంది. పుట్టుకతో వచ్చే దొడ్డికాళ్లు ఒక పక్కే బరువు పడేలా చేస్తాయి. వేళ్ల కొనల కీళ్ల దగ్గర గట్టి బుడిపెలు తల్లుల నుంచి కూతుళ్లకి వస్తుంటాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు విలియం హెబెర్డెన్ పేరు వాటికి పెట్టారు. చూడ్డానికి వికారమే కానీ కొన్నేళ్లకి వాటి నొప్పి చాలావరకు సర్దుకుంటుంది.

అన్నీ అరుగుదల కాదు

నలభై అయిదు దాటిన మనిషికి పనిచేస్తే పెరిగి విశ్రాంతిలో తగ్గే నొప్పి, పొద్దున్న లేచాక అరగంట లోపు వదిలే పట్టు ఉంటే అది అరుగుదలే అనుకోవచ్చు. ఎక్స్‌రే లేకుండానే నిర్ధారించవచ్చని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు అంటాయి. లేవగానే గంట దాటినా చేతులు ముడుచుకోకపోవడం, రెండు చేతుల చిన్న కీళ్లూ ఒకేలా వాయడం రుమటాయిడ్ ఆర్థరైటిస్ లక్షణాలు. దానికి మందులు వేరు, ఆలస్యం చేస్తే కీళ్లు వంకరపోతాయి. అర్ధరాత్రి ఉన్నట్టుండి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా కెవ్వుమనిపిస్తే అది యూరిక్ యాసిడ్ తెచ్చే గౌట్. ఒక్క కీలు వేడెక్కి వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. చీము పట్టిన కీలు రోజుల్లో పాడవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి రెండు అంశాలు ప్రత్యేకం. 2005-06లో చికున్‌గున్యా రాష్ట్రమంతా చుట్టేసినప్పుడు, జ్వరం పోయినా నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కీళ్లనొప్పులు మిగిలాయి. దోమలకి కొదవలేని పల్లపు ప్రాంతంలో "ఆ జరం వచ్చినప్పటి నుంచే ఈ నొప్పులు" అనే మాటను డాక్టరు కొట్టిపారెయ్యకూడదు. రెండోది ఫ్లోరోసిస్. మనదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్న నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రాశారు. అటువైపు నుంచి వచ్చి డెల్టాలో స్థిరపడినవారికి వెన్ను బిగిసి, కీళ్లు కదలకపోతే తాగిన నీటి సంగతి అడగాలి.

కండ, బరువు, నడక

ఈ జబ్బుకి మొదటి మందు వ్యాయామమే. అది చెప్పడానికి డాక్టరుకి అయిదు నిమిషాలు పడుతుంది, బిళ్లలు రాయడానికి అర నిమిషం. అందుకే చాలాచోట్ల బిళ్లలే మిగులుతాయి. తొడ ముందుభాగంలోని కండ మోకాలికి అసలైన కాపు. అది సన్నబడితే ప్రతి అడుగు అదురూ నేరుగా కీలుకే తగులుతుంది. నొప్పి వల్ల కదలరు, కదలక కండ కరుగుతుంది, కరిగాక నొప్పి పెరుగుతుంది. ఈ సుడిని తెంచాల్సింది కండ దగ్గరే.

మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి అయిదంకెలు లెక్కపెట్టి వదలడం మొదటి మెట్టు. తర్వాత ఒక కాలు మడిచి, రెండోది నిటారుగా జానెడు ఎత్తు లేపి ఆపడం. అలవాటయ్యాక చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. రోజుకి రెండుసార్లు పదేసి చొప్పున మొదలుపెట్టి పెంచుకోవచ్చు. మొదటి రెండు మూడు వారాలు నొప్పి కాస్త ఎక్కువనిపించినా అది కీలు పాడవుతోందని కాదు. మర్నాటికల్లా పాత స్థితికి వస్తే సరిపడినంతే చేసినట్టు. మర్నాడూ వాపుగా, సలుపుగా ఉంటే కాస్త తగ్గించాలి. ఇంత సులువైన కొలత ఏ యంత్రమూ ఇవ్వదు.

నడకకి కాలువ గట్లకు మించినవి లేవు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసే ఊరు ఏలూరు. పొద్దున్నే కాలువ వెంట నడిచేవాళ్లు మునుపటికంటే పెరిగారు కానీ వాళ్లలో ఎక్కువమంది షుగరు భయంతో నడిచే మగవాళ్లు. మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉండే ఆడవాళ్లకి ఆ వేళ పొయ్యి దగ్గర పని. వ్యాయామం గురించి రాసే ఏ వ్యాసమైనా ఆ గంట ఎవరు మిగులుస్తారో చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

బరువు సంగతికి వస్తే, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అయిదు కిలోలు తగ్గిన మనిషి మోకాలు అడుగుకి ఇరవై కిలోలు దించుకున్నట్టు. భారతీయులకి శరీర బరువు సూచిక 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన వైద్యులు కొలత మార్చారు. పాశ్చాత్యుల కొలత 25, 30. మూడు పూటలా తెల్లన్నం, కొసరి కొసరి వడ్డించే గోదావరి మర్యాద కలిసిన చోట ఇది తేలిక కాదు. ఇటీవల వచ్చిన సెమాగ్లుటైడ్ సూదితో ఊబకాయం ఉన్న 407 మంది మోకాలి రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. బరువుతో పాటు నొప్పీ చెప్పుకోదగ్గంత తగ్గింది. వ్యాయామం లేకుండా దాన్ని వాడితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మోకాలికి కావలసింది ఆ కండే.

ఇంట్లో చేసుకోదగిన మార్పులు చిన్నవే. కమోడ్ లేదా దొడ్డి మీద పెట్టే కుర్చీ, నేల మీద పీటకి బదులు ఎత్తు స్టూలు, పూజకి కుర్చీ. చేతికర్ర నొప్పి ఉన్న కాలివైపు కాక రెండోవైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది దీన్ని తప్పు చేస్తారని ఏ ఫిజియోథెరపిస్టు అయినా నవ్వుతూ చెబుతాడు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వెయ్యాలి.

బిళ్లలు, సూదులు

డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందుని ముందు పూతగా వాడాలి. మోకాలి చర్మం కింద కీలు దగ్గరే ఉంటుంది కాబట్టి పూత బాగా పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్లేది తక్కువ. అది చాలకపోతే బిళ్ల, అదీ తక్కువ మోతాదులో కొన్ని రోజులే. కడుపులో పుండు, రక్తపోటు పెరగడం, గుండె మీద భారం, మూత్రపిండాల దెబ్బ ఈ జాతి బిళ్లలతో వచ్చే చిక్కులు. రక్తపోటుకి వేసుకునే కొన్ని బిళ్లలతో, నీరు తీసే బిళ్లతో కలిపి వాడితే మూత్రపిండాలు ఉన్నట్టుండి చతికిలబడవచ్చు. రోహిణి కార్తె ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగక, సాయంత్రం ఒళ్లునొప్పులకి రెండు బిళ్లలు మింగే కూలీకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇదే డైక్లోఫెనాక్ పశువుల కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి వాటిని తుడిచిపెట్టేసినందుకే, 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. మనుషుల షాపుల్లో మాత్రం చీటీ లేకుండానే దొరుకుతోంది.

పల్లెల్లో అంతకంటే గడ్డు సమస్య నొప్పుల సూది. ఆరెంపీ వేసే సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. మూలికల పేరుతో అమ్మే కీళ్ల పొడులలో కూడా స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. మూడో రోజుకే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా నిండితే "మందు పడింది" అని మురుస్తారు. అది మందు పడటం కాదు, షుగరూ బీపీ పెరిగి, ఎముక గుల్లబారడం మొదలవడం. అలాంటి పొడి ఏడాదిగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. డాక్టరు దగ్గరికి ఆ పొట్లంతో సహా వెళ్లాలి.

కీలు లోపలికి డాక్టరు జాగ్రత్తగా ఇచ్చే స్టెరాయిడ్ సూది వేరు. వాపు బాగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఊరటనిస్తుంది. 140 మందికి రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి వేసి చూస్తే, ఉప్పునీటి సూది వేసినవారి కంటే మృదులాస్థి ఎక్కువ పలచబడిందని 2017లో తేలింది. నొప్పిలో తేడా లేదు. కాబట్టి అది పెళ్లికో ప్రయాణానికో గానీ నెలవారీ జీతం లాంటిది కాదు.

"గుజ్జు సూది" పేరుతో వేలకు వేలు తీసుకుని వేసేది హయలురోనిక్ ఆమ్లం. కీలు ద్రవంలో సహజంగా ఉండే పదార్థమే అది. బయటినుంచి ఎక్కిస్తే గుజ్జు పెరగదు. నొప్పి మీద ప్రభావం కూడా స్వల్పమే. గ్లూకోసమిన్ బిళ్లల మీద 2006లో వెలువడిన అమెరికా పరీక్షలో 1,583 మంది పాల్గొన్నారు. మొత్తం మీద ఉత్తుత్తి బిళ్లకీ దానికీ తేడా కనిపించలేదు. రోగి రక్తంలోంచే తీసి ఎక్కించే ప్లేట్‌లెట్ల సూదిని 288 మంది మీద ఉప్పునీటితో పోల్చి చూసిన ఆస్ట్రేలియా పరీక్ష 2021లో వచ్చింది. ఏడాది తర్వాత నొప్పిలోనూ మృదులాస్థిలోనూ తేడా లేదు. మూలకణాల పేరుతో ప్రకటనలు చూసి పొలం కుదువపెట్టినవాళ్ల మాటలు వింటుంటే ఈ అంకెలను ఊరి గ్రంథాలయాల గోడల మీద రాయించాలనిపిస్తుంది.

వావిలాకు, ఆముదం

ఆయుర్వేదం ఈ బాధను సంధిగత వాతం అంది. కీలు తాకితే గాలి నిండిన తోలుతిత్తిలా అనిపిస్తుందని చరకసంహిత వర్ణన. చూసి రాసిన మాట అది. ఇళ్లలో వావిలాకు మరిగించిన నీళ్లు పోసుకోవడం, నువ్వుల నూనె లేదా ఆముదం కాచి మర్దన చేయడం, ఉప్పు మూట కాపడం డెల్టాలో పాత అలవాట్లు. వేడి వల్ల కండ సడలి పట్టు తగ్గుతుంది. మర్దన చేసే చేతిలోనూ కొంత మందుంది. వీటితో చెడు లేదు, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు కాపడంతో కాలకుండా చూసుకుంటే చాలు. జిల్లేడు పాలు మాత్రం చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. నల్లేరు పచ్చడి రుచికి తినొచ్చు. అరిగిన కీలు మీద దాని ప్రభావానికి మనుషుల్లో గట్టి ఆధారం లేదు. పసుపులోని కర్‌క్యుమిన్ మీద చిన్న చిన్న పరీక్షలు కొంత ఊరట చూపాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఆ గుళికల విషయం డాక్టరుకి చెప్పాలి.

కత్తి దాకా వస్తే

దుర్బిణి పెట్టి కీలు కడిగించుకోవడం ఒకప్పుడు మామూలు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్లు చూసినా ఆ ఉత్తుత్తి ఆపరేషన్‌కీ నిజమైన దానికీ తేడా లేదు. ఇప్పుడు అరుగుదలకి ఆ పని చేయకూడదు. దొడ్డికాలు వల్ల ఒక పక్కే దెబ్బతిన్న నడివయసు కష్టజీవికి ముంగాలి ఎముకని కోసి వరస సరిచేసే ఆపరేషన్ ఉంది. సొంత మోకాలు ఉండిపోతుంది, పొలం పని సాగుతుంది. తగినవాళ్లందరికీ దాన్ని సూచించరు.

మోకాలి మార్పిడి చివరి మెట్టు. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటికి చేసి చూపిన దారిలో, 1970లలో మోకాలికీ మంచి నమూనాలు వచ్చాయి. ఇప్పుడు విజయవాడ దాకా కూడా వెళ్లనక్కర్లేదు, ఏలూరులోనే చేస్తున్నారు. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి పరికరాల ధరకు కళ్లెం వేసింది. సగటున లక్షన్నర దాటి అమ్మిన కోబాల్ట్ క్రోమియం పరికరానికి 54,720 రూపాయల పైకప్పు పెట్టింది. ఆసుపత్రి బిల్లులో పరికరం ధర విడిగా రాసి ఉందో లేదో చూసుకోవాలి. 25 ఏళ్ల తర్వాత కూడా 82 శాతం కృత్రిమ మోకాళ్లు పనిచేస్తూనే ఉన్నాయని 2019లో వివిధ దేశాల నమోదులు కలిపి లెక్కగట్టారు. యాభై ఏళ్లకే మార్పించుకున్నవాళ్లకి మాత్రం మళ్లీ మార్చే అవసరం రావచ్చు.

రాత్రి నిద్ర పట్టని నొప్పి, ఇల్లు దాటి నడవలేని స్థితి, వ్యాయామం, మందులు నిజంగా చేసి చూశాక కూడా ఫలితం లేకపోవడం ఉంటే ఆపరేషన్‌కి వేళయినట్టు. ఎక్స్‌రే ఒక్కటి చూసి, రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేద్దామని తొందరపెడితే మరొక డాక్టరుని అడగడం మేలు. ఆపరేషన్‌కి ముందు తొడ కండ ఎంత గట్టిగా ఉంటే తర్వాత అంత త్వరగా కోలుకుంటారు. షుగరు అదుపులో లేకపోతే చీము పట్టే ముప్పుంది. అదే కారణంగా పళ్లలో చీము, కాలివేళ్ల మధ్య ఒరుపులు కూడా ముందే నయం చేయించాలి. చెరువు గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే కాళ్లకి ఆ ఒరుపులు మామూలే.

డాక్టరు ముందుగా చెప్పాల్సినది ఇంకొకటి ఉంది. కొత్త మోకాలు మామూలుగా 110, 120 డిగ్రీల దాకా మడుచుకుంటుంది. కుర్చీలో కూర్చోవడానికి, మెట్లెక్కడానికి, బజారుకి నడవడానికి అది ధారాళంగా సరిపోతుంది. బాసింపట్టు వేయడానికీ గొంతుకూర్చోవడానికీ అంతకంటే ఎక్కువ మడవాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకి వెళ్లి గుడి చుట్టూ తిరిగి రావచ్చు, పంక్తిలో నేల మీద కూర్చుని తినలేకపోవచ్చు. దోనెలో గొంతుకూర్చుని తెడ్డు వేసే మనిషి మాత్రం దోనెలో ఎత్తు పీట వేయించుకోవాలి, లేదా తెడ్డు కొడుకు చేతికివ్వాలి.